రూడీకి వేయాల్సిన సూది

ఉప్పెడారి, మన ఉప్పుమడుల దగ్గర
కార్తీక బహుళ తదియ

మావజీ ఇంటామెకు,

అమర్శీ రాస్తున్నది. ఇంకొకడితో రాయించింది కాదు, నా చేత్తో రాసింది. రెండో తరగతి చదివినవాడి అక్షరాలు మేకలు తొక్కిన బురదలా ఉంటాయి. ఓపిగ్గా చదువుకో.

ముందే ఒక సంగతి చెబుతున్నాను. ఇది మాట కాదు, కాగితం. ఆడది భర్త అన్నగారితో మాట్లాడకూడదని, ముసుగు తియ్యకూడదని మన కులపెద్దలు పెట్టారు. కాగితం రాయకూడదని మాత్రం పెట్టలేదు. వాళ్లకి రాయడం వస్తే అదీ పెట్టేవారేమో. ఇరవై నాలుగేళ్లు నీకు చెప్పాల్సింది నా ఇంటిది రళియాత్‌తో చెప్పించాను, నువ్వు చెప్పేది ఆమె నోటనే విన్నాను. ఆమె పోయి మూడేళ్లు. అప్పట్నుంచి మనింట్లో మాట నడిచే దారి లేదు. వానాకాలం నాలుగు నెలలూ ఒకే కప్పు కింద ఉన్నాం, నువ్వు తలుపు వెనకనుంచి రొట్టె తోశావు, నేను తిన్నాను. అంతే.

అడగాల్సింది మావజీని అడిగాను. "నీ పెళ్లాం ఎప్పుడొస్తుందిరా?" అంటే వాడు లేచి వెళ్లి ఉప్పునీళ్ల పంపు చప్పుడు పెంచాడు. అందుకని నిన్నే అడుగుతున్నాను.

మడుల నేల తొక్కడం ఇంకా కాలేదు. కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరిస్తేనే నీళ్లు నిలుస్తాయని నీకు తెలుసు. ఆరు కాళ్ల పని నాలుగు కాళ్లతో జరుగుతోంది, వాటిలో రెండు ముసలివి. మావజీ చేసే సజ్జరొట్టె ఒక పక్క మాడుతుంది, రెండో పక్క పచ్చి.

నీ జబ్బు నాకు అర్థం కాలేదు. బతికినంతకాలం మాత్రలు మింగాలట. ముగింపు లేని వైద్యం ఏం వైద్యం? ఒంట్లో ఉప్పు నిలవదు, బాగా తినమన్నారని మావజీ అన్నాడు. ఉప్పు కావాల్సిన మనిషి ఉప్పెడారి వదిలి ఊళ్లో కూర్చోవడమేంటి? ఇక్కడ కాలు పెట్టిన చోటల్లా నీ మందే. యాభై సీజన్లు ఉప్పు పండించినవాడి ఇంట్లో ఉప్పు తక్కువై మనిషి మంచం పట్టిందంటే వినేవాళ్లు నవ్వుతారు. రా.

జవాబు నీళ్ల ట్యాంకరు హబీబ్‌కి ఇవ్వు. విప్పి చదివితే టైర్లలో గాలి తీస్తానని చెప్పాను.

అమర్శీ

పాటడీ, ఇంటినుంచి
మార్గశిర శుద్ధ పాడ్యమి

బావగారి పాదాలకు రూడీ నమస్కారాలు.

కాగితం మాట కాదని మీరే అన్నారు కనక, కాగితం మీద ముసుగు తీస్తున్నాను. ఏడో తరగతి చదివి మీ ఇంటికొచ్చాను. వచ్చాక అక్షరం రాయాల్సిన పని ఇదే మొదటిసారి.

నా జబ్బు గురించి డాక్టరమ్మ నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఎనిమిదేళ్ల కింద నాకు క్షయ వచ్చింది కదా. ఊపిరితిత్తుల్లో నయమైంది గానీ, పోతూపోతూ మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే రెండు చిన్న గ్రంథుల్ని తినేసి పోయింది. ఒంట్లో ఉప్పునీ రక్తం ఒత్తిడినీ నిలబెట్టేది ఆ గ్రంథులట. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, భయపడినా అవి ఎక్కువ రసం వదిలి మనిషిని నిలబెడతాయి. నాకవి ఎండిపోయాయి. నేను మింగే మాత్ర రోగానికి మందు కాదు, ఆ రసమే. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి. మీ ఒంట్లో అది దానంతటదే తయారవుతుంది, నేను బయటినుంచి పోసుకోవాలి.

ఇంకోలా చెబుతాను. వేడిగాలి లేస్తే మడి తొందరగా ఎండుతుందని మీరు పంపు ఎక్కువసేపు తిప్పుతారు కదా. మీ అందరి ఒంట్లోనూ పంపు ఉంది. నాకు లేదు, నేను బిందెలతో మోసి పొయ్యాలి. జ్వరమొస్తే రెట్టింపు బిందెలు, అంటే రెట్టింపు మాత్రలు. వాంతులైతే మాత్ర లోపల నిలవదు, అప్పుడు సూది. ఒక్క ఉప్పు తింటే సరిపోతుందని మీరు రాశారు. పంపు లేని మడిలో ఎంత ఉప్పు వేస్తే మాత్రం ఏం లాభం?

ఇది ఎప్పట్నుంచో ఉందట బావగారూ. చేతిగీతలు నల్లబడ్డప్పుడు "ఇప్పటికి ఉప్పెడారి రంగు అంటింది, ఇక ఇది మన మనిషే" అని మీరు రళియాత్ అక్కతో అన్నారు. గోడవతల నేను విని సంతోషపడ్డాను కూడా. పళ్లచిగుళ్లు నల్లబడ్డాయి. చిగుళ్లకి ఏ ఎండ తగులుతుంది? ఉప్పు కుప్పలోంచి గళ్లు తీసుకుని చప్పరించేదాన్ని. "దాని మెళ్లో మేకగంట కట్టు, మన సరుకంతా నాకేస్తోంది" అన్నారు. అక్క నవ్వింది, నేనూ నవ్వాను. ఇంకే ఊళ్లోనైనా మనిషి నల్లబడి, చిక్కిపోయి, ఉప్పు గళ్లు నాకుతుంటే ఎవరో ఒకరు భయపడేవాళ్లు. మన దగ్గర అందరం నలుపే, అందరి నోళ్లూ ఉప్పే.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. నాకు రావాలనే ఉంది. ఈ ఇంట్లో గోడలు తప్ప మనిషి లేడు. కానీ వాంతులు పట్టుకుంటే వెంటనే, ఆలస్యం లేకుండా ఎవరైనా నాకు సూది వేసి, ఆ తర్వాత ఆసుపత్రికి తీసుకుపోవాలి. లేకపోతే ప్రాణం నిలవదు. నాకు నేను వేసుకోవడం నేర్పారు గానీ, ఆ స్థితిలో చేతులు మాట వినవు. మీ తమ్ముడికి నేర్పబోయారు. సూది చూడగానే ఆయనే పడిపోయి, నా పక్క మంచం మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. అదీగాక ఆయన పంపు ఇంజను సామానుకని ఊరికి పోతుంటారు. ఎప్పుడూ మడి వదలనిది మీరొక్కరే.

సూది వేయాల్సింది తొడకి. ఏం అడుగుతున్నానో నాకు తెలుసు.

రూడీ

ఉప్పెడారి
మార్గశిర శుద్ధ దశమి

మావజీ భార్యకు,

నీ ఉత్తరం పొయ్యిలో పెట్టాను. మావజీకి చూపించలేదు. వాడి మర్యాద కోసం.

అరవై ఆరేళ్లు నాకు. నీ కాలిగోరు ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలియదు. గుడిసె వైపు రావాలంటే పది అడుగుల దూరంనుంచే దగ్గి వచ్చినవాణ్ణి. అలాంటివాడికి ఆ మాట రాస్తావా? డాక్టరమ్మకేం, ఆమె పట్నపు మనిషి. నువ్వు చదువుకున్నదానివి, నీకు బుద్ధి ఉండొద్దూ?

కిందటేడు మాఘంలో నువ్వు పడిపోయినప్పుడు నేను నడుచుకున్న తీరు అందరికీ తెలుసు. మావజీ ఇంజను సామానుకు పోయాడు. మడి దగ్గర నువ్వూ నేనూ. అలాంటప్పుడు కూడా గడప తొక్కలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో గంట నడిచి అవతలి మడినుంచి, ఆడమనిషి కదా అని, సోనల్‌ని తీసుకొచ్చాను. ఆమే ఎండకి అద్దం మెరిపించి, దూరంనుంచి సైగ చేసి జీపుని పిలిచింది. ఈ రోజుకీ పాటడీ టీకొట్టు దగ్గర "మర్యాదంటే అమర్శీభాయ్‌ది" అంటూ మంచం మీద చోటిస్తారు. ఇంకేం చెయ్యాలి నేను?

సూది సోనల్‌ని నేర్చుకోమను. మాత్రలు మింగు, మజ్జిగలో ఉప్పు వేసుకు తాగు. వస్తే రా, లేకపోతే లేదు.

అమర్శీ

పాటడీ
మార్గశిర బహుళ విదియ

బావగారికి,

మీ ఇష్టం. ఈ సీజనుకి రాను.

సోనల్ మడి గంట దూరం. పోవడానికి గంట, రావడానికి గంట. కిందటేడు ఇంకో అరగంట ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆమె నా మెళ్లో ఒక కార్డు కట్టింది. నేను మాట్లాడలేకపోతే నా జబ్బు పేరు, వేయాల్సిన సూది పేరు ఆ కార్డు చెబుతుందట. ఉప్పెడారిలో ఆ కార్డుని చదివేవాళ్లెవరు?

ఆ రోజు పొద్దున్నుంచే వాంతులు. మింగిన మాత్ర మింగినట్టే బయటికొచ్చింది. లేవబోతే కళ్లు చీకట్లు. మిమ్మల్ని పిలిచాను. సిగ్గు విడిచి పిలిచాను. బహుశా గొంతు బయటికి రాలేదేమో. ఒత్తిడి పడిపోతే ముందు గొంతే పోతుందట. మీ తప్పు అనడం లేదు.

మీకిష్టమైన మిఠాయి, సుఖ్డీ, చేసి హబీబ్‌తో పంపాను, బెల్లం కొంచెం ముదిరింది. ఆయన్ని అరికాళ్లకి నూనె రాసుకోమనండి. చెప్పకపోతే రాసుకోరు.

రూడీ

ఉప్పెడారి
పుష్య బహుళ చవితి

రూడీకి,

నెల దాటింది. హబీబ్ నాలుగుసార్లు వచ్చిపోయాడు. ప్రతిసారీ "కాగితం ఏదైనా ఉందా కాకా?" అన్నాడు, "నీళ్లు పోసి పోరా" అన్నాను.

మడిలో ఉప్పు గడ్డకట్టి గడి పడింది. ఈసారి ఉత్తరపు గాలి బాగుంది, గడి చదరంగా, గట్టిగా వస్తోంది. మావజీ దగ్గుతున్నాడు గానీ మామూలు దగ్గే. సుఖ్డీ అయిపోయింది. నిజం చెప్పాలంటే వాడికి రెండు ముక్కలే పెట్టాను.

ఇక రాయాల్సింది రాస్తాను.

నీ గొంతు బయటికొచ్చింది. నేను విన్నాను.

ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. చేతిలో ఉప్పు కెలికే చెక్క గొర్రు. "బావగారూ" అన్నావు. గొర్రు ఆగింది. ఎంత ధైర్యం దీనికి అనుకున్నాను ముందు. తర్వాత, ఎవరైనా విన్నారేమో అని చుట్టూ చూశాను. రూడీ, చుట్టూ ఎవరుంటారు? మూడు మైళ్లు తెల్లటి నేల. పక్షి కూడా లేదు. ఎవరి ముందు సిగ్గుపడ్డానో ఇప్పటికీ నాకు తెలియదు. మళ్లీ పిలిచావు. నేను గొర్రు లాక్కుంటూ మడి అవతలి గట్టుకి పోయాను, వినపడకుండా.

అప్పటికి సూర్యుడు గుడిసె ఎత్తుకే వచ్చాడు. నడినెత్తికి వచ్చేదాకా అక్కడే ఉప్పు కెలికాను. కెలకాల్సిన ఉప్పు కాదది, కెలికితే పాడయ్యే ఉప్పు. తర్వాత గుడిసెలోంచి ఏ చప్పుడూ లేదు. పిలిచినప్పుడు రాని భయం పిలుపు ఆగాక వచ్చింది. అప్పుడు నడిచాను సోనల్ దగ్గరికి. ఆమె "ఎప్పట్నుంచి ఇలా ఉంది కాకా?" అంది. "ఇప్పుడే చూశాను" అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. కాదనలేదు. టీకొట్టు దగ్గర మంచం ఇస్తే కూర్చున్నాను, టీ పోస్తే తాగాను.

ఇంకొకటి కూడా తొలుస్తోంది. ఇరవై నాలుగేళ్లు మనిద్దరి మాటలూ రళియాతే మోసింది. "అది ఇలా అంది, ఆయన ఇలా అన్నాడు" అంటూనే ఆమె బతుకు పోయింది. తన మాట ఏదైనా ఉందేమో నేను ఏనాడూ అడగలేదు. ఆఖరి వారం కూడా ఆమె నాతో చెప్పింది నీ సంగతే, "చిన్నది చిక్కిపోతోంది, డాక్టరుకి చూపించండి" అని. సీజను అయ్యాక చూద్దాం అన్నాను.

క్షమించమని అడగడం నాకు రాదు. ఎవరినీ అడిగి ఎరగను. జరిగింది రాశాను, అంతే.

అమర్శీ

పాటడీ
పుష్య అమావాస్య

బావగారికి,

నాకు తెలుసు.

గుడిసె తడిక సందులోంచి మీ గొర్రు కనిపిస్తూనే ఉంది. నేను పిలవగానే ఆగింది. రెండోసారి పిలవగానే కదిలింది. గొంతు రాలేదేమో అని మీకోసం రాశాను. మీరు ఆ దారి పట్టుకుని "అవును, వినపడలేదు" అని రాసి ఉంటే ఈ జన్మలో మళ్లీ మడి గడప తొక్కేదాన్ని కాదు.

మీరు ఆ దారి పట్టలేదు. అలాగని కోపం పోయిందని అనుకోకండి. వానాకాలం నాలుగు నెలలూ తలుపు వెనకనుంచి రొట్టె తోస్తూ, చెయ్యి వెనక్కి తీసుకునే ప్రతిసారీ అనుకున్నాను, ఈ మనిషి నా చావు విని కూడా ఎలా నములుతున్నాడా అని. అది ఇక్కడ రాసేశాను కనక ఇక మొయ్యను.

అక్క సంగతి. ఆమెకి తన మాటలు ఉండేవి. నాతో చెప్పుకునేది. ఏమిటన్నది మీకు చెప్పను, అవి నావి.

ఇప్పుడు పని మాట. ఆసుపత్రి నర్సు మంజులాబెన్‌ని మళ్లీ అడిగాను, మా ఆచారం ఇలా ఉందమ్మా అని. ఆమె నవ్వలేదు. "ఘాగ్రా ఎందుకు ఎత్తాలి? అవసరమైనప్పుడు గుడ్డ మీదనుంచే వేసేయొచ్చు" అంది. అంతే బావగారూ. ముఖం మీద ముసుగు అలాగే ఉంటుంది, ఒంటి మీద గుడ్డ అలాగే ఉంటుంది. సూది దానిగుండానే దిగుతుంది.

వచ్చే మంగళవారం ఆమె పాటడీలోనే ఉంటుంది. హబీబ్ ట్యాంకరులో రండి. ఈయనకి వచ్చిందని ఆమె అంటే మాఘంలో వస్తాను. అనకపోతే రాను. ఇందులో మొహమాటం లేదు, నా ప్రాణం ఇది.

రూడీ

ఉప్పెడారి
మాఘ శుద్ధ దశమి

రూడీకి,

మంజులాబెన్ నీకు చెప్పే ఉంటుంది గానీ, ఆమె చెప్పింది సగమే నమ్ము.

వెళ్లగానే చేతులు చూపించమంది. చూసి, "బాపా, ఇవి చేతులా ఎండిన పుచ్చకాయ తొక్కలా?" అంది. యాభై ఏళ్ల ఉప్పు, పగుళ్లు పడి స్పర్శ పోయింది. సిరంజి పట్టుకుంటే పట్టుకున్నట్టే తెలియదు. మందుపొడిలో కలిపే నీళ్ల చిన్న గాజుసీసా మెడ విరవమంటే సీసా మొత్తం విరిగింది. ఒకటి, రెండు, మూడు.

"అది గడ్డపార కాదు బాపా! మెల్లగా!"

"మెల్లగా చేసే పని యాభై ఏళ్లలో ఒక్కటీ చెయ్యలేదమ్మా."

"అయితే ఇదే మొదటిది. కానివ్వండి."

నాలుగోది సరిగ్గా విరిగింది. నీళ్లు పొడిలో పొయ్యాలి, కరిగేదాకా ఆడించాలి, లాగాలి, గాలి తొయ్యాలి. తొడ బయటి వైపు, మధ్యలో, గుంజ పాతినట్టు నిలువుగా. సొరకాయ మీద గుడ్డ చుట్టి నాతో పన్నెండుసార్లు పొడిపించింది. ఆ సొరకాయ కూర ఎవరూ తినకూడదని చెప్పాను. తర్వాత నీ కార్డు నకలు ఇచ్చి చదవమంది. నేను కూడబలుక్కుంటుంటే ఆమె వెళ్లి టీ తాగొచ్చింది. ఇంకా మూడో లైను మీదే ఉన్నాను. ఆఖరికి, "సూది వేశాక పని అయిపోయిందని కూర్చోకండి, అద్దం మెరిపించి బండి పిలిపించి ఆసుపత్రికి పంపాలి. సూది దారిఖర్చు మాత్రమే" అంది. అర్థమైందన్నాను. తిరిగి చెప్పమంది. చెప్పాను. చిన్నప్పుడు పంతులు కూడా నన్నింత పీడించలేదు.

మావజీకి అంతా చెప్పాను. కిందటేడు సంగతి కూడా. పంపు ఆపి విన్నాడు. తర్వాత, "నువ్వు విని పోయావా అన్నా?" అన్నాడు. "పోయాను" అన్నాను. ఆ రోజు, మర్నాడు నాతో మాట్లాడలేదు. మూడో రోజు రొట్టె తెచ్చి ముందు పెట్టి, "సూది నేను నేర్చుకోవాల్సింది. నా భయం నీ నెత్తిన పడింది" అన్నాడు. రెండు పక్కలా సరిగ్గా కాలిన రొట్టె.

అవతలి మడి గాగ్జీ వచ్చి, "ఏంటి అమర్శీ, ముసలితనంలో తమ్ముడి పెళ్లానికి సూదులు పొడుస్తావట?" అన్నాడు.

"నీ పెళ్లాం పడిపోతే నీకూ అవసరం పడతానురా, కొంచెం మర్యాదగా మాట్లాడు" అన్నాను.

రా. మందు డబ్బా మట్టికుండలో పెట్టి, నీడలో పాతిపెట్టాను. ఎండ తగలదు.

అమర్శీ

విరంగామ్, ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు
ఫాల్గుణ బహుళ అష్టమి

బావగారికి,

నిన్నట్నుంచి లేచి కూర్చుంటున్నాను. మీ తమ్ముడు బయట వరండాలో ఉన్నారు. సూదులున్న చోటికి రారు కదా.

డాక్టరమ్మ నన్ను ఒక్కొక్కటీ అడిగింది, అన్నీ చెప్పాను. ముందురోజు సాయంత్రం ఒళ్లు వెచ్చబడగానే మాత్రలు రెట్టింపు వేసుకున్నాను. మజ్జిగలో ఉప్పు వేసుకు తాగాను. తెల్లారాక వాంతులు మొదలయ్యాయి. మాత్ర నిలవలేదు, మళ్లీ మింగాను, అదీ నిలవలేదు. ఆయన ఉప్పునీళ్లకని తవ్వుతున్న కొత్తబావి దగ్గరున్నారు. ఇక సమయం పోగొట్టుకోకూడదని పిలిచాను. "సరిగ్గా చేశావు" అంది. ఈ జబ్బు వచ్చాక ఆ మాట వినడం మొదటిసారి.

తర్వాత మీ తమ్ముణ్ణి అడిగింది, "సూది వేసిందెవరు?" అని.

"మా అన్న."

"డాక్టరా?"

"కాదండీ, ఉప్పు చేస్తాడు."

ఆమె కాగితంలో అదే రాసుకుంది. "బాగా వేశాడు. ఈమె ఇక్కడిదాకా వచ్చిందంటే అందువల్లే" అంది. ఒక్కసారి పిలవగానే పరుగెత్తుకొచ్చారని సోనల్ అందరికీ చెబుతోందట.

నాకు సగమే గుర్తుంది. గుడిసె గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది, ఎవరో నిలబడ్డట్టు. తర్వాత పక్కన మోకాళ్లు ఆనిన చప్పుడు. మీరు ఏదో అన్నారు. మీ దగ్గు నాకు ఇరవై ఏడేళ్లుగా తెలుసు, మీరు అక్క మీద, మేకల మీద, ప్రభుత్వం మీద అరిచిన అరుపులు తెలుసు. నాతో అన్న మాట ఎలా ఉంటుందో తెలియదు. ఏమన్నారు? ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు.

రూడీ

ఉప్పెడారి
ఫాల్గుణ బహుళ ఏకాదశి

అమ్మా రూడీ,

సోనల్ చెప్పేది నమ్మకు. అప్పుడు సోనల్ అక్కడ లేదు. జరిగింది నేను చెబుతాను.

నువ్వు ఒక్కసారి పిలిచావని అనుకుంటున్నావు. రెండుసార్లు పిలిచావు. మొదటిసారి పిలిచినప్పుడు నా కాళ్లు కదల్లేదు. సొరకాయని పన్నెండుసార్లు పొడిచినవాణ్ణి, గాగ్జీ నోరు మూయించినవాణ్ణి, కార్డు కంఠతా పట్టినవాణ్ణి, గట్టు మీద రాయిలా నిలబడ్డాను. ఒక బిందె నిండేంతసేపు. ఆ బిందెడుసేపు నీది. నేను వాడుకున్నాను. తిరిగి ఇవ్వలేను. రెండోసారి నీ గొంతు సన్నబడింది. అప్పుడు వచ్చాను.

కుండ తవ్వాను. సీసా మెడ ఒక్క దెబ్బకి విరిగింది. ఎలా విరిగిందో నాకు తెలియదు. గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ దగ్గాను కూడా, చావబోయే మనిషికి మర్యాద చేసినట్టు. లోపలికొచ్చాను. ఆ గుడిసె నా చేతుల్తో కట్టిందే, నువ్వు వచ్చాక దాని లోపల ఎలా ఉంటుందో చూడలేదు. నీ ముసుగు తొలగి ఉంది. సర్దలేదు, టైము లేదు. ముఖం చూశాను. చూసి, ఇంత చిన్నదా ఈమె అనుకున్నాను. ఇన్నేళ్లూ నా మనసులో నువ్వు ఇంకా పెద్దదానివి, గయ్యాళివి.

నువ్వు వణుకుతున్నావు. కాలు కొట్టుకుంటోంది. సూది తప్పిపోతుందని భయం వేసింది. అప్పుడన్నాను.

అడిగావు కనక చెబుతున్నాను. నీకోసం నేను ఏ దేవుణ్ణీ తలచుకోలేదు, భయపడకు తల్లీ అని కూడా అనలేదు. "కాలు కదపకు" అన్నాను. అది కూడా గట్టిగా, ఎద్దుని అదిలించినట్టు. నువ్వు కదపలేదు. పొడిచాను. తర్వాత బయటికొచ్చి అద్దం మెరిపించాను. చేతులు ఎంత వణికాయంటే వెలుగు ఆకాశమంతా తిరిగిందట, ఏదో ప్రమాదమని మూడు మడులవాళ్లు పరుగెత్తుకొచ్చారు.

డాక్టరమ్మ పంపేదాకా రాకు. వచ్చాక నువ్వు మళ్లీ ముసుగు వేసుకుంటావు, నేను మళ్లీ దగ్గి వస్తాను. ఈ వయసులో నాకు వేరే నడక రాదు. సూది మాత్రం పిలిస్తే వేస్తాను. ఈసారి మొదటి పిలుపుకే.

ఇక ఒక్కటి. ఇరవై ఏడేళ్లు ఒకే పొయ్యి మీది రొట్టె తిన్నాం. నీతో నేను అన్న మొదటి మాట "కాలు కదపకు". ఇంతకంటే మంచి మాట ఉండాల్సింది. నువ్వు ఆసుపత్రికి పోయిన దగ్గర్నుంచీ వెతుకుతున్నాను, దొరకలేదు.

అమర్శీ